సొరయ్యకు సలాములు

నెత్తిన పొగ, పాదాల దగ్గర బుడగలు. అలాంటి అగ్గికొండ దీవి ఒకటుంది. నీళ్ళలో దాని నల్లరాతి అంచున ఉన్న గుహే రెక్కల కొసలు తెల్లగా ఉండే సొరచేప సొరయ్యకు ఇల్లు. రాత్రంతా వేట, పగలంతా గుహలో గుర్రు. ఆ నిద్ర లేకపోతే వేట లేదు, వేట లేకపోతే తిండీ లేదు.

ఈమధ్య దీవికి ఈతగాళ్ళు రావడం మొదలైంది. వీపున గాలిసిలిండర్లు, కాళ్ళకు రబ్బరు రెక్కలు. సొరయ్య తోక కనబడితే చాలు, ఒకడు అరచెయ్యి నిలువుగా నుదుటికి ఆనించేవాడు. వెంటనే మిగతావాళ్ళూ అంతే.

"ఏటి అష్టమ్మా, వీళ్ళ గొడవ?" అని పక్క పగుల్లో ఇరుకు కాపురం చేస్తున్న ఆక్టోపస్‌ను అడిగాడు.

అష్టమ్మకు గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. సొరయ్య గుహ మీద ఎప్పటినుంచో కన్ను.

"తెలీనట్టు అడుగుతావేటి బావా! నీకు సలాములు పెడతన్నారు!"

"నాకా?"

"మరి నాకా? అంత దూరం నుంచి వచ్చినోళ్ళకి తోక చూపించి తొంగోడం మర్యాదేనా? ఎదురెళ్ళి అందుకోవాలి గానీ!"

సముద్రంలో మునగచెట్టు ఉండదు. అయినా సొరయ్య చిటారుకొమ్మదాకా ఎక్కేశాడు.

మర్నాడు పొద్దున్నే ఎదురెళ్ళాడు. ఒక చుట్టు తిరిగితే సలాం. ఇంకో చుట్టుకు ఇంకో సలాం. బుడగలు పొట్టకు కితకితలు పెడుతుంటే ఆనందం పట్టలేక వెల్లకిలా తిరిగాడు. పగడాలు కొరుకుతున్న చిలకచేప నోరు తెరిచి చూసింది.

"ఏటి మావా ఆ గెంతులు?"

"కళ్ళు లేవా? సలాములు!"

చిలకచేప నవ్వాపుకోలేక రాయి కరుచుకుంది. "ఓరి పిచ్చి మావా! నుదుట నిలబెట్టిన చెయ్యి నీ వీపు మీద రెక్క. నీళ్ళలో మాటాడలేరు కదా, 'అదుగో సొర' అని వాళ్ళలో వాళ్ళు సైగ చేసుకుంటన్నారు!"

సొరయ్య మొహం మాడిపోయింది. పైగా నిద్ర ముంచుకొస్తోంది. ఒక్క ఊపున ఇంటికొచ్చాడు. గుహ ద్వారానికి అడ్డంగా రాళ్ళ గోడ. ముట్టెతో తోశాడు, కదల్లేదు. సందులోంచి రెండు కళ్ళు.

"అష్టమ్మా! నా ఇల్లు!"

"సలాం బావా!" ఎనిమిది చేతులూ ఒక్కసారే నుదుటికి చేరాయి. "వాళ్ళవి ఉత్తుత్తివి. ఇవిగో, అసలు సలాములు! ఎన్ని కావాలో తీసుకో, ఇల్లు మాత్రం అడక్కు."

ఆ మధ్యాహ్నం అష్టమ్మ పాత పగుల్లో తల దూర్చి, తోక బయటపెట్టి పడుకున్నాడు సొరయ్య. ఈతగాళ్ళు వచ్చి మళ్ళీ నుదుటికి చేతులు పెట్టారు. ఈసారి అటు తిరిగి చూడలేదు.

నీతి: సలాం ఎందుకో తెలుసుకోకుండా గుమ్మం దాటినవాడికి, తిరిగొచ్చేసరికి గుమ్మమే ఉండదు.