భల్లూకరావు సన్మానం

అనగనగా ఒక అడవిలో, మన పెద్దమనుషులకు ఏమాత్రం తీసిపోని ఒక ఎలుగుబంటి ఉండేవాడు. పేరు భల్లూకరావు. గుహ నిండా తేనెపట్లే. అయినా ఎంగిలి చేత్తో కాకిని తోలడు. చిలకలకు మాత్రం రోజూ జామపళ్ళు పెట్టేవాడు. ఎందుకో తెలుసా? అవి చెట్టుచెట్టుకూ తిరిగి, "దానశీలి భల్లూకరావుగారికి జై!" అని అరిచేవి.

ఒకరోజు దుప్పి పరుగున వచ్చింది.

"రావుగారూ, నా పిల్లకు కాలు చీరుకుపోయింది. పుండు మీద రాయడానికి కాస్త తేనె ఇప్పించండి."

"ఇస్తానమ్మా, ఎందుకివ్వను! ఎల్లుండి నాకు సన్మానం. పిల్లను అక్కడికి తీసుకురా, అందరి ముందూ ఇస్తా. ఇక్కడిస్తే ఎవరు చూస్తారు?" అన్నాడు భల్లూకరావు.

దుప్పి ఏడుస్తూ వెళ్ళిపోయింది. పక్క బొరియలో ఉండే ముళ్ళపంది నాంచారత్త ఆ మాటలు విని దాని వెంటే వెళ్ళింది. ఏదో ఆకు నమిలి పిల్లకు కట్టు కట్టింది. ఆవిడ నోరు మాత్రం మంచిది కాదర్రా. "చూసుకోవడం చేతకానిదానివి కన్నావెందుకే?" అని తల్లిని తిడుతూనే, పిల్ల లేచి నిలబడేదాకా పక్కనే కూర్చుంది.

సన్మానం నాటి సాయంత్రం భల్లూకరావు ఇంటి దగ్గరే దండలన్నీ మెడలో వేసుకుని బయల్దేరాడు. వేసేవాళ్ళు మరిచిపోతారేమోనని భయం! దండలు కళ్ళదాకా వచ్చాయి. దారి కనిపించక, వేటగాడు తవ్విన గోతిలో దబ్బున పడ్డాడు. చప్పుడు విని చూడ్డానికొచ్చిన నాంచారత్త కూడా అంచు విరిగి అందులోనే పడింది. తెల్లారితే వేటగాడు వస్తాడు.

"ఎవర్నైనా పిలుస్తానుండు," అంది నాంచారత్త.

"నువ్వాగు అత్తా! నా పేరు వింటే అడవే కదిలొస్తుంది," అని భల్లూకరావు గొంతెత్తాడు. "నేను! దానశీలి భల్లూకరావుని!"

చిలకలు వచ్చాయి. "జామపళ్ళేవీ?" అన్నాయి. లేవనగానే ఎగిరిపోయాయి. కోతులు దూరం నుంచే విన్నాయి. ఉపన్యాసం మొదలైందనుకుని చప్పట్లు కొట్టి, ఒకటే పరుగు. దుప్పీ వింది. "ఈయన్ని అందరూ చూస్తుండగానే తియ్యాలి కాబోలు," అని తన దారిన పోయింది.

భల్లూకరావు గొంతు బొంగురుపోయింది.

అప్పుడు నాంచారత్త నోరు తెరిచింది. "ఒరేయ్, చచ్చారా అందరూ? నేనర్రా, నాంచారిని!"

అంతే! ఏనుగు పెద్ద దుంగ లాక్కొచ్చి గోతిలోకి దించింది. వెనకాలే దుప్పి, కోతులు, కుందేళ్ళు వచ్చేశాయి.

"ఎక్కు అత్తా. నువ్వు రాగానే దుంగ లాగేస్తాను," అంది ఏనుగు.

"నీ బుద్ధి నాకు తెలుసురా. అందుకే ముందు వీడెక్కుతాడు," అంది నాంచారత్త.

ఎంత బతిమాలినా ఆవిడ కదల్లేదు. చివరికి భల్లూకరావే ముందు పైకొచ్చాడు. ఆవిడ కూడా ఎక్కాక, సిగ్గుతో తల దించుకుని అడిగాడు.

"అత్తా, నీకు బిరుదు లేదు. గుహ లేదు. ఇంతమంది ఎలా వచ్చారు?"

"వాళ్ళు పిలిచినప్పుడు నేను పలికానురా. ఇంకేం లేదు. పక్కకు జరుగు, ఇంటికెళ్ళాలి," అంది నాంచారత్త.

నీతి: పేరూ సొమ్మూ ఉంటే చప్పట్లు కొట్టేవాళ్ళు దొరుకుతారు, గోతిలో పడ్డప్పుడు చెయ్యి అందించేవాళ్ళు మంచి గుణం ఉన్నవాళ్ళకే దొరుకుతారు.