తిరుపతమ్మ బిడ్డ మింగని మందు

డాక్టర్ చింతా మార్తమ్మ గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా పుస్తకంలో దొరికే ప్రశ్న అడిగితే ఆ పుస్తకం పేరు చెప్పి పంపేసేవారు. పుస్తకంలో దొరకని ప్రశ్న అడిగితే మాత్రం చేతి తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని, స్టూలు లాక్కుని కూర్చునేవారు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో ఆవిడ ముప్పై ఏళ్ళు సూక్ష్మజీవుల పాఠం చెప్పారు. ఆ ప్రయోగశాలలో నేను టెక్నీషియన్‌ని. నా ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆవిడ అలా స్టూలు లాక్కుని కూర్చున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇందీవర అనే పీజీ విద్యార్థిని అడిగిన ప్రశ్న అలాంటిది. ఆ ఉదయం ఒక పెద్దమనిషి మూత్ర పరీక్ష ఫలితం కోసం వచ్చాడు. జలుబు చేసినప్పుడల్లా మందుల షాపులో అడిగి రెండు పూటలకు యాంటీబయాటిక్ బిళ్ళలు తెచ్చుకుంటానని, తగ్గినట్టనిపిస్తే మిగతావి పారేస్తానని, ఈసారి మాత్రం ఏ మందూ పట్టడం లేదని మాటల్లో చెప్పాడు. మార్తమ్మ గారు ఆయనను అక్కడే నిలబెట్టి చివాట్లు పెట్టారు. జలుబు తెచ్చే వైరస్‌ను ఆ మందు తాకను కూడా తాకదని, తాకేది ఒంట్లో ఊరికే ఉన్న బ్యాక్టీరియానని, ఆయన ఇన్నేళ్ళుగా చేసింది మందు తినడం కాదు, క్రిములకు సాము నేర్పడమని అన్నారు. ఆయన ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాక ఇందీవర నెమ్మదిగా అడిగింది.

"చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు కదా మేడమ్. ఆయన తప్పు ఆయనకే తగిలింది. మధ్యలో మీకెందుకు అంత కోపం?"

మార్తమ్మ గారు చేతులు కడుక్కున్నారు. కూర్చుని, పన్నెండేళ్ళ కిందటి సంగతి ఒకటి చెప్పారు. అందులో కొంత నేనూ ఎరుగుదును.

తిరుపతమ్మ అనే ఆవిడకు మా ఆసుపత్రిలోనే తొలి కాన్పు అయింది. ఆడపిల్ల. నెలలు నిండి పుట్టింది, బరువు సరిగ్గానే ఉంది, పాలు తాగింది. మూడో రోజున తాగడం మానేసింది. ఒళ్ళు చల్లబడింది, ఎగఊపిరి మొదలైంది. పిల్లల డాక్టర్లు రక్తం తీసి మాకు పంపారు. ఇంకా పేరు పెట్టని బిడ్డ కనుక సీసా మీద తల్లి పేరే రాసి ఉంది. రక్తంలో క్రిమి పెరిగింది. దాన్ని ప్లేటు మీద పూసి, ఒక్కో మందులో తడిపిన చిన్న చిన్న కాగితపు చక్రాలను దాని మీద ఉంచాం. మందు పనిచేసేదైతే చక్రం చుట్టూ క్రిమి చచ్చి ఖాళీ వలయం ఏర్పడుతుంది. మరునాడు మూత తీసి చూస్తే ఒక్క చక్రం చుట్టూ కూడా ఖాళీ లేదు. పచ్చిక బాట పక్కదాకా పాకినట్టు క్రిమి ప్రతి మందు అంచు దాకా పెరిగి కూర్చుంది.

ఇక మిగిలింది కొలిస్టిన్. అన్నీ ఓడిపోయినప్పుడు తీసే ఆఖరి మందు అది. మూత్రపిండాలను దెబ్బతీయగలదు కాబట్టి, అది కూడా పాడైతే వెనక మరొకటి లేదు కాబట్టి, మా ఆసుపత్రిలో దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఇద్దరు ప్రొఫెసర్లు సంతకం చేస్తే తప్ప ఆ తాళం తీసేవారు కాదు. ఏడాదికి రెండుసార్లు తీశారంటే ఎక్కువ. దానికి వేరే పద్ధతిలో పరీక్ష చేయాలి. చేశాం. ఆ మందులో కూడా క్రిమి హాయిగా పెరిగింది. నేను పొరపాటు చేశానేమోనని మార్తమ్మ గారు స్వయంగా మళ్ళీ చేశారు. ఫలితం మారలేదు.

ప్రయోగశాల డాక్టర్లు సాధారణంగా వార్డుకు వెళ్ళరు. ఆవిడ వెళ్ళారు. తల్లి మంచం పక్కన కూర్చుని, ఉన్న మందులన్నీ చూశామని, ఏదీ పనిచేసేలా లేదని చెప్పారు. తిరుపతమ్మ ఏడవలేదట. కాసేపు ఆలోచించి అడిగిందట.

"నా బిడ్డ నా పాలు తప్ప ఇంకా ఏదీ మింగలేదు డాక్టరమ్మా. దానికి మందులన్నీ ఎప్పుడు పాతబడ్డాయి?"

ముప్పై ఏళ్ళలో తనను ఇంత సరైన ప్రశ్న అడిగిన విద్యార్థి లేడని మార్తమ్మ గారు అన్నారు. మందుకు పాతబడేది మనిషి ఒళ్ళు కాదని ఆవిడ తల్లికి చెప్పారు. కోట్ల క్రిముల్లో ఏ ఒకటో రెండో తేడాగా పుడతాయి. వాటిని మందు చంపలేదు. మందు పడినప్పుడల్లా మిగతావన్నీ చచ్చి, ఆ చోటంతా వీటికి దక్కుతుంది. గంట తిరక్కుండా ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పైగా తాము బతికిన కిటుకును పక్కనున్న వేరే జాతి క్రిములకు కూడా అందిస్తాయి. అలా ఎక్కడో గట్టిపడిన క్రిమి ఎవరి చేతుల మీదనో, నీళ్ళలోనో వచ్చి, ఏ మందూ ఎరుగని పసికందును పట్టుకుంటుంది. తిరుపతమ్మది మిరప పండే ఊరు. కొట్టిన మందే కొట్టి కొట్టి చివరికి మందుకు చావని తామర పురుగే తోటంతా మిగిలినట్టా అని అడిగింది. అవును, అదే అన్నారు ఈవిడ.

అప్పుడు మార్తమ్మ గారికి ఒక ప్రశ్న తట్టింది. తాళం వేసిన బీరువాలోని మందు ఈ క్రిమికి ఎక్కడ ఎదురైంది? తిరుపతమ్మను ఏం పని చేస్తావని అడిగారు. కోళ్ళ ఫారంలో దాణా కలుపుతానని, తొమ్మిదో నెల వచ్చేదాకా పనికి వెళ్ళానని ఆమె చెప్పింది. దాణాలో తెల్లపొడి ఒకటి డబ్బాతో కొలిచి పోసి, చేత్తోనే కలిపేదట. కోళ్ళకు బలం మందని చెప్పారట.

బిడ్డ మర్నాడు మధ్యాహ్నం పోయింది.

వచ్చిన ఆదివారం మార్తమ్మ గారు బస్సెక్కి ఆ ఊరు వెళ్ళారు. నన్నూ తోడు తీసుకెళ్ళారు. ఫారం యజమాని పరంధామయ్య చెడ్డవాడు కాడని ఈ కథ చెబుతూ ఆవిడ రెండుసార్లు అన్నారు. నొప్పులు మొదలైనప్పుడు తిరుపతమ్మను తన జీపులో ఆసుపత్రికి పంపింది ఆయనే. బిడ్డ పోయిందని నిజంగానే బాధపడ్డాడు. మాకు కుర్చీలు వేయించి, కొబ్బరి బోండాలు కొట్టించాడు. తరవాత షెడ్లు చూపించాడు. ఒక్కో షెడ్డులో పదివేల కోళ్ళు. చివరి షెడ్డు పక్కన దాణా గది. అందులో గోడ వారగా పది పన్నెండు సంచులు పేర్చి ఉన్నాయి. సంచి మీద ఎర్ర జుట్టున్న పుంజు బొమ్మ, బొమ్మ కింద పెద్ద అక్షరాలలో ఏదో ముద్దుపేరు. ఒక సంచి మూతి విప్పి ఉంది. లోపల పొడిలో ఒక రేకు డబ్బా గుచ్చి ఉంది.

మార్తమ్మ గారు కళ్ళద్దాలు పెట్టుకుని వంగి, సంచి అడుగున చీమల బారులా ఉన్న అక్షరాలు చదివారు. చదివి చాలాసేపు లేవలేదు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. కొలిస్టిన్.

ఆవిడకు ఒంట్లో బాగాలేదేమోనని పరంధామయ్య కంగారుపడ్డాడు. పొడి గురించి చూస్తున్నారని తెలిసి ఆయన ముఖం విప్పారింది.

"ఇది కలపడం మొదలుపెట్టాక ఒక్క పిల్ల కూడా చావలేదమ్మా," అన్నాడు.

ఆవిడ ఆయనతో ఏమన్నారో నేను విన్నాను. గొంతు పెంచలేదు. రోగం లేని కోళ్ళకు, ఎదగడానికి, రోజూ చిటికెడు చొప్పున ఈ మందు పెడితే వాటి కడుపులో ఏ క్రిమి మిగులుతుందో చెప్పారు. ఆ పెంట కూరగాయల మళ్ళకు వెళుతుందని, షెడ్డు కడిగిన నీళ్ళు కాలవలో కలుస్తాయని, దాణా కలిపిన చేతులతోనే పనివాళ్ళు అన్నం తింటారని చెప్పారు. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఇది దొంగసరుకు కాదన్నాడు. పట్నంలో దుకాణంలో బిల్లు ఇచ్చి మరీ అమ్ముతున్నారన్నాడు. వద్దని తనకు ఏ ఆఫీసరూ చెప్పలేదన్నాడు. చుట్టుపక్కల ఫారాలన్నీ వాడుతుంటే తానొక్కడు మానితే ఆగుతుందా అని అడిగాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే మరీ మండిందని మార్తమ్మ గారు అన్నారు.

షెడ్డులోంచి పెంట నమూనాలు తెచ్చి పరీక్షించాం. బిడ్డ రక్తంలో పెరిగిన జాతి క్రిమే అందులోనూ ఉంది, అదే ఆఖరి మందుకు లొంగకుండా. ఆవిడ ఆ ఫలితాలు జతచేసి పశువుల ఆఫీసుకు రాశారు. ఇది మందు కనుక మందుల ఆఫీసును అడగమన్నారు వాళ్ళు. మందుల ఆఫీసుకు రాశారు. ఇది దాణా కనుక పశువుల ఆఫీసును అడగమన్నారు వీళ్ళు. కొన్నేళ్ళకు ఆ మందును దాణాలో కలపకూడదని ఉత్తర్వు వచ్చిన మాట నిజమే. ఆ తరవాత ఒకసారి ఆవిడ అదే దారిన వెళుతూ ఆ ఫారం దగ్గర ఆగి చూశారట. పుంజు బొమ్మ అలాగే ఉంది. అడుగున చీమల బారులో పేరు మారింది. అది కూడా మన వార్డుల్లో వాడే మందేనని ఆవిడ చెప్పారు.

 తిరుపతమ్మ ఏమైందని ఇందీవర అడిగింది. రెండు నెలలకు మళ్ళీ దాణా కలిపే పనికే వెళ్ళిందని, ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు మిరపకోతలు లేని రోజుల్లో వేరే పని లేదని మార్తమ్మ గారు చెప్పారు. బిడ్డ మరణ ధ్రువపత్రంలో కారణం ఏమని రాశారని ఇందీవర చివరగా అడిగింది.

మార్తమ్మ గారు స్టూలు మీంచి లేచారు.

"రక్తంలో క్రిమి చేరిందని రాశాం. చంపిందేదో రాయడానికి ఆ కాగితంలో ఒక గడి ఉంది. దాన్ని పెంచిందెవరో రాయడానికి గడి లేదు."