మొదటి గరిటె అన్నం

భూషణం మాస్టారు పుట్టింది బర్మాలో. ఏ ఊరు వెళ్ళినా ముందు గుడి కాదు, వంటిల్లు చూడాలంటారాయన. ఆసారి శిష్యుడు గవర్రాజుని వెంటబెట్టుకుని అక్కడి ఐరావతి నది ఒడ్డునున్న ఓ చిన్న ఊరికి బయల్దేరారు. పడవలో గవర్రాజు ఎన్నాళ్ళుగానో లోపల నలుగుతున్న మాట బయటపెట్టాడు. అన్నయ్యకీ తనకీ మాటల్లేవు. అయినా ఆయనంటే గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు.

"మనసులో ఉంటే చాలదా మాస్టారూ? వెళ్ళి చూపించాలా?"

మాస్టారు విననట్టే ఒడ్డున పగోడాలు చూస్తూ కూర్చున్నారు. అదీ ఆయన వరస. గవర్రాజుకి ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం మియా అనే పెద్దావిడ ఇంట్లో భోజనం. ఊళ్ళోకి వచ్చినవాళ్ళకి వండిపెట్టడమంటే ఆవిడకి సరదా. ఊరేసిన తేయాకుని వేయించిన వేరుశనగపప్పూ నువ్వులతో కలిపి ముందు పెట్టింది. గవర్రాజు అనుమానంగానే నోట్లో వేసుకుని, సిగ్గు విడిచి మరికాస్త పెట్టించుకున్నాడు. తర్వాత ఆవిడ అన్నం కుండ దింపి, మొదటి గరిటెడు ఓ గిన్నెలోకి తీసి అలమరలో పెట్టి, చేపల పులుసు తేవడానికి లోపలికి వెళ్ళింది.

గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. అచ్చం మన ఆచారమే! వాళ్ళమ్మ కూడా వండగానే పోయిన పెద్దల పేరున కాకికి ఓ ముద్ద తీస్తుంది. పెద్దావిడ బయట పెట్టడం మరిచిపోయింది కాబోలనుకుని, ఆ అన్నం తీసుకెళ్ళి పిట్టగోడ మీద పెట్టాడు. చేతులు కడుక్కుంటున్న మాస్టారు వెనక్కి తిరిగేసరికే కాకులు పని పూర్తిచేశాయి.

మియా పులుసుతో వచ్చి అలాగే నిలబడిపోయింది. మాస్టారు ఆవిడ భాషలో సర్దిచెప్పబోయారు. మావాడు తెలియక చేశాడు, మా వైపు తొలి ముద్ద పోయినవాళ్ళకి పెడతాం అన్నారు. ఆవిడ మొహం పాలిపోయింది.

"మా అక్క బతికే ఉంది," అంది.

మాస్టారు ఆ మాటా, ఆవిడ చెప్పిన మిగతా సంగతీ తెలుగులో విప్పారు. ఇక్కడ మొదటి గరిటె ఇంటి పెద్దలది. వాళ్ళు దగ్గర లేకపోతే వాళ్ళ పేరున పక్కన తీసి ఉంచుతారు. మియా అక్క ఉండేది ఎదురింట్లోనే. తల్లి పోయినప్పుడు అక్కచెల్లెళ్ళు మాటా మాటా అనుకున్నారు, ఆపైన ఒకరి గడప ఒకరు తొక్కలేదు. అయినా అక్క వాటా తీయకుండా తానెప్పుడూ తినలేదట. గవర్రాజు సిగ్గుతో చచ్చిపోయాడు. ఆవిడ కాళ్ళకి దండం పెట్టబోయాడు.

ఆవిడ అతన్ని చూడనే లేదు. పిట్టగోడ మీది కాకుల్నే చూస్తోంది. ఉన్నట్టుండి గిన్నె నిండా వేడన్నం వేసి, పైన పులుసు పోసి, చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటి ఎదురింటి తలుపు తట్టింది. తలుపు తీసిన ముసలావిడ గిన్నె అందుకుంది. తర్వాత చెల్లెలి ముంజేయి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

ఇక్కడ వడ్డించే మనిషి లేక గురుశిష్యులిద్దరూ మిగిలారు. తాను చేసింది తప్పేనా అని గవర్రాజు మెల్లిగా అడిగాడు.

"తప్పే," అంటూ మాస్టారు గరిటె అందుకుని అతని కంచంలో అన్నం వడ్డించారు. "రోజూ ఆ మొదటి గరిటె అలమరలో చల్లారిపోవడం కన్నా చిన్న తప్పేలే."