కొత్త గానుగ తాగిన నూనె

ఏనుగురాజు ఏలే అడవిలో, ఏటిగట్టున, గంగులు అనే ఎద్దు పన్నెండేళ్లు పరాయి గానుగలు తిప్పాడు. తిప్పడమంటే మామూలు తిప్పడం కాదు. ఆ నడకంతా సాగదీస్తే చంద్రమండలానికి వెళ్లి, అక్కడ ఓ పూట మేసి, తిరిగి రావచ్చు. గంగులు కాడికి మెడ ఆనిస్తే ఏటి అవతలి కొండలు కూడా కాస్త పక్కకి జరిగేవని చూసినవాళ్లే చెప్పేవాళ్లు. అంతటివాడికీ మోకాళ్లు అరిగాయి. పరాయి కొట్టంలో కూలబడితే బయటికి నెట్టేస్తారు. ఆలోపు సొంత గానుగ ఒకటి పెట్టుకోవాలి. అదొక్కటే అతని కోరిక.

ఉన్నదంతా ఊడ్చి చింతమానుతో గానుగ చేయించాడు. ఇక ఆడించడానికి నువ్వులు కావాలి. నువ్వులంటే పందికొక్కు కోటిలింగం కన్నంలోనే. ఆ కన్నంలో దిగినవాడు అటు చివరికి చేరేసరికి గడ్డం నెరిసిపోతుంది, అంత నిల్వ.

ఏటిగట్టున ఓ ఆనవాయితీ ఉండేది. కొత్త గానుగ మొదట్లో తనే నూనె తాగుతుంది. చెక్క నిండేదాకా కుండలోకి చుక్క దిగదు. అందుకని నువ్వులు అప్పిచ్చినవాడు రోజూ పొద్దున్నే వచ్చి కుండలోకి తొంగిచూసేవాడు, సణిగేవాడు, అయినా నూనె దిగేదాకా ఆగేవాడు. గానుగ మూతపడితే మునిగేది తనే మరి.

ఆ ఏడే ఏనుగురాజు చాటింపు వేయించాడు. చిన్న పనివాళ్ల అప్పుకి రాజే జామీను, వాళ్లు కట్టలేకపోతే రాజుగారి కొట్టు నుంచి ఇప్పిస్తారు. అది విని గంగులు వేసిన రంకెకి మూడడవుల అవతల పక్షులు గూళ్లు వదిలేశాయి.

గంగులు నువ్వులు అప్పడిగితే కోటిలింగం రెండు దారులూ ముందు పెట్టాడు.

"పాత పద్ధతైతే రోజూ వచ్చి నీ ప్రాణం తోడేస్తాను మావా. రాజుగారి జామీనైతే నీ గుమ్మం తొక్కను. పున్నమికి మొదటి వాయిదా కడితే చాలు. నీ ఇష్టం."

"నీ ముక్కు నా కుండలో లేకపోతే అదే పదివేలు అల్లుడూ," అన్నాడు గంగులు.

రాజుగారి గుమాస్తా నక్క జంబయ్య కాగితం చదివి వినిపించబోయాడు. అక్కర్లేదని గంగులు గిట్ట ముద్ర వేసేశాడు. రాజంతటివాడు వెనకుంటే ఇంక భయమెందుకు?

గానుగ తాగింది. ఏరే నూనెగా మారి పారినా ఓ గుక్కలో పీల్చేసేలా తాగింది. పున్నమి నాటికి చెక్క నల్లగా నిగనిగలాడుతోంది. గంగులు నాకి చూసి, ఇంకో నాలుగు రోజుల్లో ధార కడుతుందని లెక్కేసుకున్నాడు. ఆ నాలుగు రోజులే ఆగమని కోటిలింగాన్ని అడిగాడు. కోటిలింగం అప్పు కాగితం చంకలో పెట్టుకున్నాడు. తిన్నగా జంబయ్య దగ్గరికి నడిచాడు. సాయంత్రానికల్లా రాజుగారి కొట్టు నుంచి అతని బస్తాలు అతనికి చేరాయి.

మర్నాడు జంబయ్య గానుగకి సీలు వేయడానికి వచ్చాడు.

"రాజుగారు కట్టేశారు కదా," అన్నాడు గంగులు.

"కట్టారు. ఇప్పుడు నువ్వు రాజుగారికి బాకీ."

"జామీను నాకనుకున్నాను జంబయ్యా."

జంబయ్య కాగితం విప్పి గిట్ట ముద్ర పైనున్న వరస చూపించాడు. "అప్పిచ్చినవాడికి, గంగులన్నా. నీకని ఎక్కడా లేదు."

వేలంలో పాడింది కోటిలింగం ఒక్కడే. గానుగ సగం ధరకి పోయింది, మిగతా బాకీ గంగులు నెత్తిన అలాగే ఉండిపోయింది. తిప్పడానికి కూలివాడు కావాలని కబురొస్తే గంగులే వెళ్లాడు. మూడో చుట్టుకే కుండలోకి ధార కట్టింది.

"వాసన చూశావా మావా, ఎంత బాగుందో," అన్నాడు కోటిలింగం.

గంగులు ఆగలేదు. ఆగితే ఆ పూట మేతలో కోత పడుతుంది.

మనతోపాటు మునిగిపోతానన్న భయం ఉన్నవాడే మనకోసం నాలుగు రోజులు ఆగుతాడు.