ఇప్పబండ దగ్గర తీర్పు

ఇప్పలకోన అనే అడవిలో దుప్పులు, కుందేళ్ళు, పునుగుపిల్లులు, ఏదుపందులు కలిసిమెలిసి బతికేవి. ఎండాకాలం వస్తే వాగులన్నీ ఎండి ఒక్క మడుగు మిగిలేది. అందరూ అక్కడే దాహం తీర్చుకోవాలి. ఆ మడుగు దగ్గర చోటు పోయిందంటే ప్రాణం పోయినట్టే.

ఆ అడవికి పెద్ద గండికొమ్ము అనే ముసలి దుప్పి. అతనికి కొమ్ములెంత పెద్దవో గర్వమూ అంతే. ఏటా ఇప్పపూలు రాలే కాలంలో అక్కడ కొత్తల పండుగ జరిగేది. ఆ రోజు ఇప్పచెట్టు కింద ఉన్న ఇప్పబండ దగ్గర అడవిపెద్ద అందరికన్నా ముందు పువ్వు రుచి చూస్తాడు. అంతవరకు ఎవరూ ఒక్క పువ్వు కూడా ముట్టకూడదు.

వద్దన్న పనే కదా పిల్లలకు ముద్దు! గండికొమ్ము మనవరాలు చుక్కి స్నేహితురాళ్ళను వెంటబెట్టుకుని పండుగకు ముందే బండ ఎక్కింది. బండమీది చిన్న గుంటలో మొన్నటి అకాల వానకు కాసిని నీళ్ళు నిలిచి, రాలిన పూలు అందులో నాని పులిసిపోయి ఉన్నాయి. అందరూ కడుపునిండా తిన్నారు. ఇళ్ళకొచ్చేసరికి ఒకతి గిరగిరా తిరిగింది, ఒకతి ఊరికే నవ్వింది, చుక్కి కాళ్ళు తడబడి కూలబడింది.

ఏమైందని తల్లులు అడిగారు. నిజం చెబితే తాత ఊరుకోడని చుక్కికి భయం. అప్పుడే జవ్వాది అనే పునుగుపిల్లి అటుగా పోతోంది. దాని ఒంటి వాసన ఎవరికీ నచ్చేది కాదు. జవ్వాది తమ వైపు అదోలా చూసిందనీ, ఆ చూపుకే ఇలా అయిందనీ చుక్కి చెప్పేసింది. మిగతా పిల్లలూ అవునన్నారు.

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు, అడవి ఆ మాట నమ్మేసింది. నిరుడు తన కూన కుంటినరోజు జవ్వాది ఎదురొచ్చిందని ఒక తల్లికి గుర్తొచ్చింది. అదివరకు ఎవరికీ గుర్తులేని సంగతులన్నీ ఆ పూటే గుర్తొచ్చాయి. గండికొమ్ము ముందూ వెనకా చూడకుండా జవ్వాదిని మడుగు నుంచి వెలివేశాడు. అది తల వంచుకుని ఎండిన వాగు వెంట వెళ్ళిపోయింది.

అందరూ భేష్ అనేసరికి గండికొమ్ముకు హుషారెక్కింది. జవ్వాదిలాంటి మంత్రగత్తెలు అడవిలో ఇంకా ఉన్నారన్నాడు. కొత్త కట్టుబాటు ఒకటి పెట్టాడు. ఎవరిమీద అనుమానం వస్తే వాళ్ళు నేరం ఒప్పుకుని ఇంకొకరి పేరు చెబితే నీళ్ళు తాగనిస్తారు, లేకపోతే వెలి. మరునాడే అనుమానం ఒక తల్లి కుందేలు మీదికి వెళ్ళింది. అది తన పిల్లల ఎండిన మూతులు చూసింది. ఒప్పేసుకుని పొరుగింటి ఏదుపంది సూదవ్వ పేరు చెప్పింది. దానికి సూదవ్వ మీద కోపమేమీ లేదు. దాహం వేసింది, అంతే.

సూదవ్వ ఒంటరి ముసలిది. నడిస్తే ఆమె ముళ్ళు గలగలమనేవి. ఆ చప్పుడు వింటే పిల్లలు ఆటకు పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఇప్పుడు అదే చప్పుడుకు తల్లులు పిల్లలను పొదల్లోకి లాక్కుంటున్నారు. అది చూసి సూదవ్వకు ఏడుపొచ్చింది.

కొత్తల పండుగ రోజునే ఆమెకు తీర్పు. అందరూ ఇప్పబండ దగ్గర చేరారు. ఇంకొకరి పేరు చెప్పి బతికిపొమ్మని గండికొమ్ము అన్నాడు.

సూదవ్వ గుంపును ఓసారి చూసింది. కుందేలు తల దించుకుంది. "దాహం నాకూ ఉంది పెద్దయ్యా," అంది సూదవ్వ. "ఇంకొకరి గొంతు ఎండబెట్టి తీర్చుకునే దాహం కాదు."

ఆమెకు వెలి పడింది. అయితే వెలిపోయేవాళ్ళను ఖాళీ కడుపుతో పంపకూడదని అక్కడ ఆచారం. పెద్ద తిన్న చోటే వాళ్ళకూ ఒక ముద్ద పెట్టాలి. బండమీద పూలతో నిండిన గుంట గండికొమ్ముకు కనబడింది. అతను మూతి ముంచి తృప్తిగా తిన్నాడు. సూదవ్వ చూపు మాత్రం పిల్లల మీద ఉంది. తాత ఆ గుంట దగ్గరికి వెళ్ళగానే చుక్కి ముఖం తిప్పుకోవడం ఆమె గమనించింది.

కాసేపటికి గండికొమ్ము తూలాడు. చెట్టుకు దండం పెట్టాడు. తన కొమ్ములు ఎవరో ఎత్తుకుపోయారని గోల చేశాడు. సూదవ్వే మంత్రం వేసిందని గుంపు మీదికొచ్చింది.

"ఆగండి. నా ముద్ద నాకు పెట్టలేదు," అంది సూదవ్వ. ఆచారం కాబట్టి ఎవరూ అడ్డం రాలేదు. ఆమె గుంట దగ్గర కూర్చుని నింపాదిగా తింది. లేచేసరికి ఆమె కాళ్ళూ తడబడ్డాయి. ముళ్ళన్నీ గలగలమంటుండగా గుంపు వైపు తిరిగింది.

"తన మంత్రం తనకే తగిలే మంత్రగత్తెను ఎక్కడైనా చూశారా నాయనా?"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. చుక్కి ఇక ఆగలేకపోయింది. భోరున ఏడుస్తూ వచ్చి, "మేమూ అవే తిన్నాం అవ్వా, జవ్వాది ఏమీ చెయ్యలేదు," అని జరిగిందంతా చెప్పింది.

మత్తు దిగాక గండికొమ్ము తలెత్తలేకపోయాడు. అతని పెద్దరికం ఆ రోజే పోయింది. దాన్ని అడవి సూదవ్వకు కట్టబెట్టింది. అందరూ జవ్వాదిని వెతుకుతూ ఎండిన వాగు వెంట పరుగెత్తారు. అడుగుజాడలు కనబడ్డాయి. జవ్వాది కనబడలేదు.

అప్పటినుంచి కొత్తల పండుగనాడు మొదటి పువ్వు సూదవ్వది. ఆమె దాన్ని తినదు. చుక్కి చేతికి ఇస్తుంది. చుక్కి ఏటా దాన్ని తీసుకెళ్ళి ఆ అడుగుజాడలు ఆగిపోయిన చోట పెట్టి వస్తుంది.

నీతి: నింద వేసేముందే నిజం వెతకాలి, వేశాక వెతికితే నిజం దొరకవచ్చు గాని, పోయినవాళ్ళు దొరకరు.