చంద్రమహల్లో ఎర్రదీపం

"ఇవాళ చీకటిపడేలోగా ఈ చంద్రమహల్లో ఇంటర్నెట్ నిలబెట్టినవారికి కోరింది ఇస్తాను. లేదంటే రేపు పొద్దున్నే కోట గోడలు తవ్వించేస్తాను!" అన్నారు పూసలకోట రాజా వీరభద్ర భూపతి.

రాజ్యం పోయి చాలా ఏళ్లయినా దర్బారు అలవాటు మాత్రం ఆ వంశానికి పోలేదు. చంద్రమహలంటే మేడమీది పెద్ద గది. రాజావారు రోజూ అక్కడే కొలువుతీరి, దేవగిరిలో ఉన్న పినతండ్రి కొడుకుతో కంప్యూటర్లో చదరంగం ఆడతారు. ఈసారి పందెం పెద్దది. ఓడినవారు తాతగారి దంతపు చదరంగం బల్ల వదులుకోవాలి. ఆట మధ్యలో నెట్ పోతే ఓడినట్టే. ఆ విధంగా రాజావారు ఇప్పటికే ఒక ఆట పోగొట్టుకున్నారు. ఆఖరి ఆట ఆ సాయంత్రమే.

రౌటరు కింద కచేరీ గదిలో ఉంది. రాతిగోడలు దాటి వైఫై పైకి రాదు. అందుకని సాంకేతిక సలహాదారు గజేంద్రవర్మ రెండు తెల్ల డబ్బాలు తెప్పించాడు. ఒకటి కింద రౌటరు దగ్గర, ఒకటి పైన, కరెంటు ప్లగ్గుల్లో పెట్టాలి. గోడలో ఉన్న కరెంటు తీగలమీదే నెట్ పైకి వస్తుంది. వస్తే డబ్బామీద పచ్చదీపం, రాకపోతే ఎర్రదీపం. కొలువు మొదలైందంటే చాలు, ఎర్రదీపమే.

"తప్పు వైరింగుది ప్రభూ! తాతలనాటి తీగలు," అన్నాడు వర్మ, కిటికీ పక్క కుర్చీలో మసాజ్ దిండుకి నడుం ఆనించి కూర్చుని. "మొత్తం పీకించాలి. మా బావమరిది ఆ పనుల్లో దిట్ట. దానికి తోడు వంటింట్లో బంగారయ్య గ్రైండరొకటి! అది కరెంటునే పాడుచేస్తోంది. ముందు అతణ్ణి పంపించెయ్యండి."

గుమ్మం దగ్గర నిలబడ్డ బంగారయ్య మొహం పాలిపోయింది. ఆ కోట వంటింట్లో అతనివి మూడు తరాలు.

రాజావారికి పేపరు చదివి వినిపించే మాణిక్యాంబ కళ్లజోడు పైకి తోసుకుంది. ఆవిడ నోరంటే దివాను కూడా జంకుతాడు.

"ప్రభూ, వర్మగారంతటివారు తీగల్ని తప్పుబట్టారంటే నేనెందుకు కాదంటాను? కానీ నాకొక అనుమానం. ఈ డబ్బాకి ఎవరి గాలో పడటం లేదు."

"గాలా?" రాజావారు ముందుకి వంగారు. అలాంటి మాటలంటే ఆయనకి చెవి కోసుకునేంత ఇష్టం.

"అవును ప్రభూ. ఒక్కొక్కరూ తమ సామాను తీసుకుని బయటికి వెళ్లాలి. ఎవరు వెళ్తే పచ్చదీపం వస్తుందో, వారి గాలే పడనట్టు."

వర్మ పకపకా నవ్వాడు. "శాస్త్రం ఇలా ఏడుస్తోందన్నమాట! కానివ్వండి."

బంగారయ్య కిందికి పరుగెత్తి గ్రైండరు ఆపి, వంటింటి బయట నిలబడ్డాడు. ఎర్రదీపమే.

కాపలాదారు సన్యాసినాయుడు, తెల్ల డబ్బా పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచే తన ఫోను ఛార్జరు ఊడదీసుకుని వెళ్లాడు. ఎర్రదీపమే.

మాణిక్యాంబ పేపరు మడిచి చంకన పెట్టుకుని తనే వెళ్లి వసారాలో నిలబడింది. అప్పుడూ ఎర్రదీపమే.

"ఇక తమరు," అంది గుమ్మంలోంచి. "దిండు మరిచిపోకండి, మీ నడుం నొప్పి మాకు తెలుసు."

వర్మ విసుక్కుంటూ అదే బాక్సులోంచి మసాజ్ దిండు ప్లగ్గు పీకి, దాన్ని భుజాన వేసుకుని గుమ్మం దాటాడు.

టక్కున పచ్చదీపం వెలిగింది!

రాజావారు దిగ్గున లేచారు. "అయితే ఇన్నాళ్లూ నా ఆట చెడగొట్టింది నీ గాలా? నాయుడూ! ఈయన్ని ఇప్పుడే కోట దాటించు. మళ్లీ ఈ ఛాయలకి రాకూడదు!"

వర్మకి చెమటలు పట్టాయి. "నేను కాదు ప్రభూ! దిండు! దీంట్లో మోటారుంది. దాని రొద కరెంటు తీగలోకి ఎక్కి నెట్‌ని మింగేస్తుంది. పైగా ఈ డబ్బాని ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టకూడదు, తిన్నగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి. డబ్బాతో వచ్చిన కాగితంలో మొదటి మాటే అది!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

మాణిక్యాంబ నెమ్మదిగా అంది:

"అన్నీ తెలిసిన తమరికి, బావమరిది గుర్తొచ్చినప్పుడు మాత్రం తీగలే కనిపించాయన్నమాట!"

ముందు సన్యాసినాయుడు కిసుక్కున నవ్వాడు. తర్వాత, అప్పుడే మేడెక్కి వచ్చిన బంగారయ్య. చివరికి రాజావారే పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆవిడ డబ్బాని బాక్సులోంచి తీసి గోడ ప్లగ్గులో గుచ్చింది. బంగారయ్య కిందికి వెళ్లి మీట నొక్కగానే గ్రైండరు మళ్లీ గిర్రున తిరిగింది. పచ్చదీపం చెక్కుచెదరలేదు.

"తీగల తప్పేమీ లేదు ప్రభూ. దానికీ గోడకీ మధ్య దళారీ ఉండకూడదు, అంతే," అంది.

ఇంతలో తెరమీద దేవగిరి తమ్ముడు ప్రత్యక్షమయ్యాడు. "అన్నయ్యా, ఇవాళ నీ బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో! అవునూ, వెనకాల దిండు మోసుకుంటూ ఆ పెద్దమనిషి ఎక్కడికి?"

"బావమరిది ఇంటికి!" అన్నారు రాజావారు. మళ్లీ నవ్వులు. అదే ఊపులో ఆవిడవైపు తిరిగారు. "మాణిక్యాంబగారూ, కోరుకోండి. వర్మ పదవి ఇమ్మంటారా?"

"పదవి నాకెందుకు ప్రభూ? కిటికీ పక్కన ఆయన కుర్చీ ఇప్పించండి. ఇన్నాళ్లూ ఆ గాలంతా ఆయనే పీల్చేశారు."

రాజావారు తన భుజాన ఉన్న జరీ శాలువా తీసి ఆవిడకి కప్పి, తనే స్వయంగా కుర్చీ లాగి వేశారు.