ఎడమకు ఎగిరే రైఫిలు

తూటా పేలిన ప్రతిసారీ ఓబులేసు రైఫిలు మూతి ఎగిరి ఎడమకు పోతోంది.

నిజానికి అది పెద్ద తుపాకీ కాదు. పోటీల్లో వాడే చిన్న తూటా రైఫిలు. అది భుజాన్ని తన్నే తన్ను, బస్సులో పక్కవాడి మోచెయ్యి తగిలినంత కూడా ఉండదు. కానీ తూటా ఇంకా గొట్టంలో ఉండగానే ఆ కాస్త కుదుపు మొదలవుతుంది. మూతి గింజంత జరిగితే చాలు, నల్లచుక్క నడిమిలో పడాల్సిన తూటా అంచున పడుతుంది. ఓబులేసువి అన్నీ ఎడమ అంచునే పడుతున్నాయి.

కదిరి బయట గుట్ట కిందున్న ఆ షూటింగ్ రేంజిలో ఓబులేసు పాతకాపు. పగలంతా లేత్ షెడ్డులో ఇనుము చెక్కేవాడు, సాయంత్రం ఇక్కడికొచ్చి చాప మీద బోర్లా పడుకుని గురి చూసేవాడు. మర్నాడే రాష్ట్ర జట్టుకు ఎంపికలు. ఈ రేంజి నుంచి ఒక్కరికే చోటు. ఈసారి కూడా తప్పితే మళ్లీ రైఫిలు ముట్టనని, షెడ్డే చూసుకుంటానని ఇంట్లో మాటిచ్చాడు. ఇవ్వడమైతే ఇచ్చాడు గానీ, రైఫిలంటే అతనికి ప్రాణం.

ఇంత అవసరమైన వేళ ఉస్తాద్ ఊళ్లో లేడు. ఉస్తాద్ అంటే ఖాసింపీరా సాహెబు, పటాలంలో కుర్రాళ్లకు గురి నేర్పి రిటైరై వచ్చినవాడు. కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని కడపలో కూతురింట్లో ఉన్నాడు. గురువు ఊళ్లో లేకపోతే శిష్యులకు తెలివి ఎక్కువవుతుంది. ఓబులేసుకూ అయింది.

ముందు గొట్టం చివర ఇత్తడి బరువొకటి బిగించాడు, తనే లేత్ మీద చెక్కింది. మూతి పైకి లేవడం కాస్త తగ్గింది గానీ పక్కకు పోవడం తగ్గలేదు. ఇంకో బరువు వేశాడు. రైఫిలు భుజానికి ఆనే చోట దళసరి రబ్బరు అతికించాడు. రైఫిలును ఎడమ చేతికి కట్టే పట్టీని చెయ్యి తిమ్మిరెక్కేదాకా బిగించాడు. అదీ చాలక మూతికి రంధ్రాల తొడుగు ఒకటి చేసి తగిలించాడు, పొగ పక్కలకు పోతే కుదుపు చచ్చిపోతుందని. ఆ చిటికెడు మందుకు పొగెంత, అది అణిచే కుదుపెంత! మొత్తానికి రైఫిలు ఒంటినిండా నగలు దిగేసుకున్న పెళ్లికూతురిలా తయారైంది. అయినా తూటా పేలగానే మూతి ఎడమకే తిరిగేది.

ఓబులేసుకు ఎడమ పక్క చాప నరహరిది. ఈ నరహరికి నిరుడు వచ్చినప్పుడు రైఫిలు ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. భుజానికి ఆనించడం నేర్పిందే ఓబులేసు. ఇప్పుడేమో కుర్రాడి తూటాలు ఒకే చిల్లులోంచి దూరి పోతున్నాయి. అతని రైఫిలుకు బరువూ లేదు, తొడుగూ లేదు. ఓబులేసు ఎప్పుడూ కొసన గోడవార పడుకునేవాడు కాస్తా, వీడేం చేస్తున్నాడో కనిపెడదామని చాప తెచ్చి నరహరి పక్కన వేసుకున్నాడు. కనిపెట్టిందేమీ లేదు. కడుపుమంట మాత్రం పెరిగింది.

ఆ సాయంత్రం ఉస్తాద్ వచ్చేశాడు. కళ్లకు నల్లద్దాలు, భుజాన తువ్వాలు, చేతిలో కర్ర. కూతురు వద్దంటున్నా వినకుండా బస్సెక్కాడట, రేపు ఎంపికలు కదా అని.

ఓబులేసు రైఫిలు మోసుకెళ్లి ఆయన ముందు పెట్టాడు.

"ఉస్తాద్, దీంట్లో ఏందో లోపముంది. ఎంత బరువేసినా ఎగరతాండాది. అదీ ఎడమకే. ఒగసారి చూడండి."

ఉస్తాద్ ఇత్తడి బరువును వేళ్లతో తడిమాడు. "బలే నున్నగా చేసినావప్పా. నువ్వే చెక్కినావా?"

"నేనే ఉస్తాద్." ఓబులేసు ముఖం వెలిగింది. "ఇంగోటి వేద్దామా?"

"వేద్దువులే. ముందు కాల్చు."

ఓబులేసు పడుకుని కాల్చాడు. మూతి లేచి ఎడమకు పోయింది. మళ్లీ కాల్చాడు, మళ్లీ అంతే. ఉస్తాద్ మాత్రం టార్గెట్ కేసి చూడనే లేదు, మూతి కేసీ చూడలేదు. శిష్యుడి కాళ్ల దగ్గర నిలబడి, మడమల నుంచి భుజాల దాకా తీరిగ్గా చూస్తున్నాడు.

"ఎగిరేది మూతి ఉస్తాద్, కాళ్లు కాదు" అన్నాడు ఓబులేసు విసుగ్గా.

పక్క చాప మీద నరహరి బిగుసుకుపోయాడు. ఉస్తాద్‌తో అలా మాట్లాడినవాళ్లు ఆ రేంజిలో లేరు. అన్న మరుక్షణమే ఓబులేసూ నాలిక కరుచుకున్నాడు. ఉస్తాద్‌కు కోపం రాలేదు.

"తూటా తీసెయ్. గొట్టం ఖాళీనేనా, చూసుకో."

ఓబులేసు చూసుకున్నాడు.

"గురి పెట్టు. కుదిరిందా?"

"కుదిరింది. సరిగ్గా నడిమిలో ఉంది."

"కండ్లు మూసుకో. బిగబట్టొద్దు. రైఫిలు ఎట్ల పండుకుంటానంటే అట్ల పండుకోనీ. ఊపిరి ఇడువు."

ఓబులేసు కళ్లు మూసుకున్నాడు. మొదట్లో బిగువు వదల్లేదు. కాసేపటికి భుజం వదులైంది, తర్వాత మోచెయ్యి, తర్వాత నడుము. తన ఒళ్లు అంత బిగుసుకుని ఉందని అతనికి అప్పటిదాకా తెలియనే తెలియదు. గుట్ట మీదెక్కడో కౌజుపిట్ట కూసింది.

"ఇప్పుడు తెరువు. రైఫిలును కదిలించొద్దు. ఏముందో చెప్పు."

ఓబులేసు కన్ను తెరిచి గురి రంధ్రంలోంచి చూశాడు. అవతల నల్లచుక్క గుండ్రంగా, నిండుగా కనిపించింది. హమ్మయ్య అనుకోబోయాడు. చుక్క నడిమిలో ఒకే ఒక్క చిల్లు ఉంది. అంచులు శుభ్రంగా ఉన్నాయి.

అది నరహరి టార్గెట్.

ఓబులేసు చెవులు వేడెక్కాయి.

"ఏముందప్పా?"

"నరహరిది ఉస్తాద్" అన్నాడు, పక్కకు వినబడకుండా. అని, సిగ్గుతో గబుక్కున రైఫిలును చేత్తో తన టార్గెట్ మీదికి లాక్కున్నాడు.

ఉస్తాద్ కర్ర కొసతో ఆ మణికట్టును మెల్లగా తాకాడు. "ఇన్నాళ్లూ చేసింది అదే గదా. ఒళ్లు అటు పెట్టుకోని చేత్తో ఇటు లాగితే, పేలగానే అది అటే పోతాది."

తర్వాత కర్ర పక్కన పెట్టి, వంగి, ఓబులేసు కాళ్ల కింద చాప కొసను రెండు చేతులతో పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. నరహరి రైఫిలు దించి పరుగున వచ్చాడు.

"వంగొద్దని డాక్టరు చెప్పినాడంట గదా ఉస్తాద్! జరగండి, నేను లాగుతా. అన్నా, కాళ్లు తేలిగ్గా పెట్టు."

నరహరి చాప కొసను తన వైపుకు లాగాడు. ఓబులేసు కాళ్లు నరహరి వైపుకు జరిగాయి. నేలకానిన మోచెయ్యే ఇరుసుగా ఛాతీ తిరిగి, రైఫిలు మూతి కుడికి మళ్లింది. అంతా కలిపి జానెడు జరిగిందేమో.

"మళ్లీ మూసుకో" అన్నాడు ఉస్తాద్.

ఈసారి కన్ను తెరిచేసరికి ఎదురుగా తన టార్గెట్ ఉంది. ఎడమ అంచంతా చిల్లులు. చూడ్డానికి బాగాలేవు గానీ, అన్నీ తనవే. ఓబులేసుకు ఎందుకో కళ్లు చెమ్మగిల్లాయి.

"తూటా వేసి కాల్చు."

కాల్చాడు. రైఫిలు తన్నింది, మూతి లేచింది. లేచి, ఎవరూ పట్టి లాగకుండానే, లేచిన చోటికే దిగింది.

"ఇప్పుడూ ఎగిరింది ఉస్తాద్" అన్నాడు ఓబులేసు.

"ఎగిరితే ఎగరనీ. యాడ దిగతాదో అది చూడు."

ఇంకో తూటా కాల్చాడు. ఇంకోటి. మూతి ప్రతిసారీ ఎగురుతూనే ఉంది, ప్రతిసారీ వచ్చి నడిమిలోనే కూర్చుంటోంది. చాలా రోజుల తర్వాత ఓబులేసుకు పడుకుని కాల్చడం హాయిగా అనిపించింది.

పొద్దు వాలింది. నరహరి రైఫిలు సంచిలో సర్దుకుని, ఇద్దరికీ చెప్పి వెళ్లిపోయాడు. అతని సైకిలు గుట్ట మలుపు తిరిగేదాకా ఓబులేసు చాప మీంచి అటే చూశాడు.

"ఉస్తాద్" అన్నాడు, గొంతు తగ్గించి. "రేపు నేను వాణ్ని దాటతానా?"

ఉస్తాద్ కర్ర పక్కన పెట్టి, మళ్లీ వంగి, చాప కొస పట్టుకున్నాడు.

ఓబులేసు ఒక్క క్షణం ఆయన వంగిన వీపు కేసి చూశాడు. తన గురి మళ్లీ నరహరి మీదికే పోయిందని తెలిసింది.

"వద్దు ఉస్తాద్, లేవండి" అన్నాడు. "నేనే జరుగుతా."